ఇన్‌స్పెక్టర్ గారింటి తూకం

"దిగు. ముందు ఆ మెషీన్ మీదనుంచి దిగు," అన్నాడు తూనికల ఇన్‌స్పెక్టర్.

అప్పుడే పడగ్గదిలోంచి వచ్చి మెషీనెక్కిన భార్య నిదానంగా దిగింది. ఆమె ఎక్కినప్పుడు ముల్లు డెబ్బై దగ్గర ఆగింది. ఎనిమిది రోజుల క్రితం, ఆయన కళ్లముందే, అదే ముల్లు డెబ్బై నాలుగు చూపించింది.

"నాలుగు కిలోలు. ఒప్పుకోండి," అంది వదులు నైటీ సర్దుకుంటూ. "ఇవాళ్టినుంచి మీకు బేకరీ బంద్. మాటంటే మాటే."

పందెం అదే మరి. షుగరు మూడొందలు దాటిందని డాక్టరు రెండు వారాలు సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెట్టినా, సాయంత్రమయ్యేసరికి ఇన్‌స్పెక్టర్ క్రీము బన్ను కోసం చెప్పులు వేసుకునేవాడు. ఆమె చెప్పి చెప్పి విసిగిపోయింది. "నేను డిటాక్స్ చేసి నాలుగు కిలోలు తగ్గితే మానేస్తారా?" అనడిగింది. "రాసిస్తా," అన్నాడు. ఆకుపచ్చ రసం తాగి తగ్గినవాళ్లెవరని ఆయన ధీమా.

తగ్గింది. రోజు విడిచి రోజు, సరిగ్గా కిలో చొప్పున తగ్గింది. అక్కడే ఆయనకి తేడా కొట్టింది.

ఇరవయ్యేళ్లుగా జనాన్ని అనుమానించి జీతం తీసుకుంటున్న మనిషి ఊరుకుంటాడా. బిస్కెట్ల డబ్బా మూతకి దారం కట్టి చూశాడు. చెత్తబుట్ట తిరగేశాడు. ఆమె కునుకు తీస్తుంటే వంగి నోటి వాసన చూశాడు. పాలకూర వాసన తప్ప ఏమీ తగల్లేదు. బుగ్గలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నీ ఆకుపచ్చ రసం ఒంట్లో విషాలు కడిగేస్తుందన్నాడుగా ఆ జ్యూసు షాపువాడు. నీలో విషాలే నాలుగు కిలోలున్నాయా?"

"మీతో ఇరవయ్యేళ్లు కాపురం చేశాను. ఉండవా మరి?"

"మెషీన్‌లోనే ఏదో మతలబు ఉంది."

"చూసుకోండి. మీ పనేగా."

"చూస్తా. నేను మనుషుల మాట నమ్మను. కాటా మాటే నమ్ముతా."

సెలవు పెట్టిన రోజునుంచి ముట్టని ఆఫీసు పెట్టెని మంచం కిందనుంచి లాగాడు. అందులో కిలో తూకపు రాళ్లు నాలుగు, తళతళలాడే ఇత్తడివి. చేతులకి తొడుగులు వేసుకున్నాడు.

"ఉత్త చేత్తో ముట్టకూడదు వీటిని. చెమట అంటినా తూకం మారిపోతుంది."

రాళ్లు ఒక్కొక్కటే మెషీన్ మీద పెట్టాడు. తర్వాత వాటిని సంచీలో వేసి పట్టుకుని తనే ఎక్కాడు. రాళ్లు లేకుండా ఎక్కాడు. ముల్లు ఎక్కడా వెంట్రుకవాసి కూడా తేడా చూపించలేదు.

ఇన్‌స్పెక్టర్ మొహం వాడిపోయింది. తొడుగులు విప్పి కుర్చీ మీద పడేశాడు.

"ఆ చెప్పులు లోపల పెట్టెయ్," అన్నాడు. "ఇంక బేకరీకి పోను."

ఆమె కళ్లు తుడుచుకుంది. "బన్ను లేకపోతే ఏమైంది. మీరుంటే చాలు నాకు," అని చెప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులు ఇంటామెని దొంగలా చూసినందుకు ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గులో తొడుగుల సంగతే మరిచిపోయి, రాళ్లు ఒక్కొక్కటే ఉత్త చేత్తో తీసి పెట్టెలో సర్దసాగాడు.

మొదటిది చల్లగా ఉంది. రెండోదీ, మూడోదీ అంతే.

నాలుగోది, అప్పుడే ఎవరో నడుముకి కట్టుకుని విప్పినట్టు, వెచ్చగా ఉంది.