కెర్నెల్‌లో కాపలా

“కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి గుండెకాయ అంటున్నారు. మీ ప్రోగ్రాం అందులోకి దూరి, బయటికి రావడం మరిచిపోతే నా చేపలేం కావాలండీ?” అన్నాడు రామకోటి, మంచం మీంచి లేవబోతూ.

హెప్సిబా నవ్వింది. ఏలూరు నుంచి లాప్‌టాప్ పట్టుకుని కొల్లేటి గట్టు మీది ఈ పాకకి ఆమె వచ్చింది ఆ చేపల కోసమే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గగానే గాలి చిలికే ఏరేటర్లు తిప్పాల్సిన కంప్యూటర్ నెల్లాళ్లుగా బద్ధకిస్తోంది. నిన్న చేపలు ఊపిరాడక నీటి పైకి తలలు తేలేశాయి. ఇంకోసారి ఆలస్యమైతే చెరువంతా పోయినట్టే.

“ఇదంతా వీర్రాజు పనండీ. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచే మొదలైంది. మంచాన పడ్డానని లోకువ!”

వీర్రాజుది పక్క చెరువు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. గట్టు తగాదా వచ్చాక మాటల్లేవు. ఆధారం దొరికితే చాలు, పోలీసు కేసు పెడతానని రామకోటి పంతం పట్టి కూర్చున్నాడు.

“లోపల జరిగే ప్రతిదీ రాసి పెట్టుకుంటే తెలిసిపోదాండీ?” అన్నాడు రామకోటి కొడుకు కిరణ్. చెరువుల మీదా, పాకలోనూ కెమెరాలు బిగించింది అతనే.

“చేసి చూశానండీ,” అంది హెప్సిబా. “ రాసుకోవడంతోనే దానికి ఊపిరాడలేదు. అందుకే ఈ వడపోత ప్రోగ్రాం. మామూలు పనుల్ని కెర్నెల్‌లోనే వదిలేసి, ఆలస్యం చేసేవాటినే నాకు చెబుతుంది. చూడ్డమే తప్ప దేన్నీ ముట్టుకోదు. ఇది అంతు లేకుండా తిరిగేలా ఉంటే, కెర్నెల్ సొంత తనిఖీ ప్రోగ్రాం దీన్ని లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే ఆపేస్తుంది.”

“మా అత్తగారన్నమాట,” అంది రామకోటి భార్య వరహాలమ్మ, టీ అందిస్తూ. “స్నానం చేశావా లేదా అని తేల్చుకుంటే గానీ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు.”

హెప్సిబా మీట నొక్కింది. తనిఖీ ఆమె ప్రోగ్రాంనే తిప్పి కొట్టింది. ఒకచోట ఎన్నిసార్లు తిరగాలో హద్దు పెట్టలేదట. ఆమె మొహం ఎర్రబడింది. రామకోటి మాత్రం తెగ సంబరపడ్డాడు.

“రాసిన మనిషినే నమ్మలేదంటే దాన్ని నేను నమ్ముతానండీ. కానివ్వండి!”

హద్దు పెట్టాక తనిఖీ ఒప్పుకుంది. ఏరేటర్లు ఆగలేదు. కాసేపటికి తెర మీద ఒకే ఒక్క కారణం మిగిలింది. ఎవరో ఫోన్లో ఇక్కడి కెమెరా తెరుస్తున్నారు, మూస్తున్నారు, మళ్లీ తెరుస్తున్నారు. తెరిచినప్పుడల్లా కంప్యూటర్ వీడియో పంపే పనిలో పడి, ఏరేటర్ల సంగతి వెనక్కి నెడుతోంది.

కిరణ్ ఆ ఫోన్ పేరు చదివి, బిక్కమొహం వేశాడు. “వీర్రాజు బాబాయిదే నాన్నా.”

“ఇద్దరూ కలిసి చెరువులు చేసిన రోజుల్లో పెట్టిన పాస్‌వర్డు. మార్చండి మార్చండి అంటే వింటేగా!” అని దెప్పింది వరహాలమ్మ.

రామకోటి గెలిచాడు. గెలిచినందుకు అతనికి ఏడుపొచ్చింది. వాడు కాకపోతే బాగుండునని ఇన్నాళ్లూ లోలోపల అనుకుంటూనే ఉన్నాడు.

“బండి తియ్యరా, స్టేషన్‌కి పోదాం. ఏ చెరువు మీద కన్నేశాడో అది కూడా చెప్పండమ్మా.”

హెప్సిబా తెర వైపు ఇంకోసారి చూసింది.

“మీ మంచం ఎదురుగా ఉన్న కెమెరా ఒక్కటేనండీ.”