కౌంటర్ దగ్గర హీరో

"వెలుగు అంటే పిల్లనా, పిల్లగాడా?" జనన ధ్రువపత్రాల కౌంటర్లో తిరుమలేశ్ కళ్లద్దాలు పైకి తోశాడు.

"పాపేనండీ. పక్కనే 'ఆడ' అని రాశాను కదా," అంది హరిణి, చంటిదాన్ని భుజం మార్చుకుంటూ.

"గట్ల రాస్తె సాలదమ్మా. పేరు ఇనంగనే తెల్వాలె. వెలుగమ్మ అని పెట్టు, ఇప్పుడే ఎక్కిస్త."

అంతలో ఆయన ఫోన్ మోగింది. "ఎవడ్రా మా చెల్లిని ఏడిపించింది?" అంటూ ఏదో సినిమాలోని పిల్లాడి గొంతు గర్జించింది.

తిరుమలేశ్ ఫోన్ కట్ చేసి మురిసిపోయాడు. "గీ రింగ్‌టోన్ మా బిడ్డ పెట్టింది. గీ పిల్లగాడంటే దానికి పానం. సూడు, ఇనంగనే మగపిల్లగాడని ఎట్ల తెలుస్తుందో!"

హరిణి కిటికీలోకి వంగింది. "ఎవడ్రా మా చెల్లిని ఏడిపించింది?"

అదే గొంతు. తిరుమలేశ్ ఫోన్ వంక చూశాడు. అది చప్పుడు చేయడం లేదు.

"ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతానండీ. చిన్న మగపిల్లలకి ఎక్కువగా మా ఆడవాళ్లదే గొంతు. ఆ డైలాగ్ చెప్పినప్పుడు నాకు ఏడో నెల."

తిరుమలేశ్ పాపను చూశాడు. కంప్యూటర్లో 'వెలుగు' అని కొట్టాడు. తర్వాత ఇంటికి ఫోన్ కలిపాడు.

"బిడ్డా, నీ హీరో గీడికొచ్చిండు. సంకల పాపను ఎత్తుకొని నిలబడ్డడు. మాట్లాడుతవా?"