కన్నకొడుకైనా సరే

కన్నకొడుకు దరఖాస్తును నలుగురిలో కొట్టిపారేయాల్సిన రోజున డైరెక్టరుగారు కొత్త కోటు తొడుక్కున్నారు. అద్దం ముందు నిలబడి రెండు రకాల ముఖాలు పెట్టి చూసుకున్నారు. ఒకటి బాధగా, ఒకటి గంభీరంగా. ఫొటోకి రెండోదే బాగుంటుందని తేల్చుకున్నారు.

ఆయన యూనివర్సిటీలో 'తొలి అడుగు' పథకానికి డైరెక్టరు. అమ్మానాన్నల్లో ఏ ఒక్కరికీ డిగ్రీ లేని పిల్లలకు ఆ పథకం కింద ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ ఉచితం. పాఠం అర్థం కాకపోతే విడిగా చెప్పించే ఏర్పాటు కూడా ఉంది. ఉండటానికి అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. వచ్చినవాళ్లను వచ్చినట్టే డైరెక్టరుగారు ఏరి పారేస్తుంటే ఇంకెక్కడ మిగులుతారు? ఆఫీసులో ఆయనకు చాటుగా 'జల్లెడ' అని పేరు పెట్టుకున్నారు.

మొన్నటికి మొన్న ఓ టాక్సీ డ్రైవరు కూతురు వచ్చింది. తండ్రి ఎప్పుడో ఇంటి దగ్గరుండి చదువుకుని, కిందామీదా పడి డిగ్రీ గట్టెక్కాడని ఈయన కూపీ లాగారు.

"టాక్సీ తోలినా పట్టా పట్టాయేనమ్మా. ఉన్నదాన్ని లేదనడం మోసం" అని నీతులు చెప్పి మరీ పంపించారు.

ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడ్చి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన మామూలుకన్నా ఓ ముద్ద ఎక్కువే తిన్నారు. "దొంగ కాగితం ఎక్కడున్నా నా కళ్లకి ఇట్టే దొరికిపోతుంది" అని పక్కవాళ్లకు చెప్పుకున్నారు కూడా.

ఇక సొంత కొడుకు సంగతి. వాడికి వృక్షశాస్త్రంలో సీటొచ్చింది. తండ్రి దృష్టిలో మేనేజ్‌మెంటు తప్ప మరొకటి చదువే కాదు. "చెట్లూ చేమలూ పట్టుకుని తిరిగేవాడికి నా డబ్బు దండగ. ఫీజు కట్టను గాక కట్టను" అని తెగేసి చెప్పారు. నెలాఖరులోగా కట్టకపోతే సీటు పోతుంది. వాడు కాళ్లబేరానికి వస్తాడని ఈయన కాళ్లు చాపుకుని కూర్చుంటే, వాడు వెళ్లి ఈయన పథకానికే దరఖాస్తు పెట్టాడు.

దరఖాస్తులో తల్లి చదువు పదో తరగతి అని రాసి, తండ్రి చదువు దగ్గర ఖాళీగా వదిలేశాడు.

"అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు వెధవకి" అని డైరెక్టరుగారు నవ్వుకున్నారు. అక్కడికక్కడే చించెయ్యొచ్చు. కానీ ఇంత చక్కటి అవకాశాన్ని ఎవరూ చూడకుండా పాడుచేసుకుంటారా? ఇంటర్వ్యూకి పిలిచారు. యూనివర్సిటీ పత్రిక ఫొటోగ్రాఫర్నీ పిలిచారు. 'కన్నకొడుకైనా సరే' అని శీర్షిక కూడా ఆయనే చెప్పి పెట్టారు.

బయల్దేరబోతుంటే భార్య కాఫీ తెచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఆ ఫీజేదో మీరే కట్టేద్దురూ. వాణ్ని అక్కడ నిలబెట్టి ఏమీ అడక్కండి."

"నిలబెట్టే అడుగుతా. పదిమందిలో పరువు పోతేగానీ దారికి రాడు."

"నా మాట వినండి. వాడసలే మొండివాడు."

"నువ్వూరుకో. పదో తరగతితో ఆపేసినదానివి, పట్టాల సంగతి నీకేం తెలుసు?"

ఆవిడ ఓ క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తల్లి మనసు, అంతేలే అనుకున్నారాయన.

ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్ల. ఆయనకు ఓ పక్క ఎకనామిక్స్ మేడమ్, ఇంకో పక్క హాస్టల్ వార్డెన్, మూలన ఫొటోగ్రాఫర్. వెనక గోడ మీద 'మీ వెంటే మేము' అని పోస్టరు. అందులో పళ్లికిలించి నవ్వుతున్న పిల్లల్లో ఈ పథకం కింద చదువుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

కొడుకు వచ్చి కూర్చున్నాడు. ముందు మంచినీళ్లు తాగాడు.

డైరెక్టరుగారు లేచారు. "ఇతను నా కొడుకని మీకు తెలుసు. తెలుసు కదా అని మొహమాటపడకండి. రూలు రూలే."

వార్డెన్ చప్పట్లు కొట్టబోయి, మరెవరూ కొట్టకపోవడంతో చేతులు నలుపుకున్నాడు. కెమెరా ఓసారి మెరిసింది.

మేడమ్ కుర్రాడి మార్కులు చూసింది. వచ్చినవాళ్లందరిలోకీ అతనివే ఎక్కువ. ఆమెకు జాలేసింది.

"బాబూ, ఇది ఎవరికోసం పెట్టిన పథకమో తెలుసుగా?"

"తెలుసు మేడమ్. ఇది రాకపోతే నేను చదువు మానెయ్యాల్సిందే."

"మరి మీ నాన్నగారి చదువు దగ్గర ఏమీ రాయలేదేం?"

"రాస్తే బాగుండదని వదిలేశాను మేడమ్."

వార్డెన్ కిసుక్కున నవ్వాడు. కొడుకు తండ్రివైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"నాన్నా, ఒక్క నిమిషం బయటికి రండి. మనిద్దరం మాట్లాడుకుందాం."

డైరెక్టరుగారికి కావలసింది సరిగ్గా ఇదే. కొడుకు దిగొచ్చాడు. ఆయన కోటు సర్దుకుని, పొద్దున ఎంచుకున్న గంభీరమైన ముఖం పెట్టారు.

"ఇక్కడ నాన్న లేడు. డైరెక్టరున్నాడు. దాచుకోవడానికేముంది? అందరికీ వినపడేలా చెప్పు. మీ నాన్న ఏం చదివాడు?"

ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. కొడుకు మేడమ్ వైపు తిరిగాడు.

"నాన్నగారు డిగ్రీ తప్పారు మేడమ్, ఆయన పట్టా మా తాతయ్య శుభలేఖల ప్రెస్సులో అచ్చయింది, అక్షరాలు కూర్చింది మా అమ్మే."