రెండో రింగు

“సిరిల్, ముందర ఏటుందో పైకి సెప్పు. నేను మళ్లీ సెప్తాను. ఇంజన్లో మేం సిగ్నళ్లు అలాగే సెప్పుకునీవోళ్లం,” అన్నాడు ఉమాపతి, జీపు ముందు సీటెక్కుతూ. ఆయన రిటైరైన రైలు డ్రైవరు; సిరిల్ జీపు డ్రైవరు.

వెనక సీట్లో సిరిల్ పైఅధికారి, రైల్వే ఆఫీసరు నవ్వాడు. పోయిన నెల సిరిల్ నడుపుతున్న ఇదే జీపు గుద్ది, సైకిలు మీద వెళ్తున్న జెఫ్రీ చనిపోయాడు. జెఫ్రీ ఇరవయ్యేళ్లు ఉమాపతికి ఇంజన్లో అసిస్టెంటు. “సైకిలతను చూసుకోలేదు” అని ఆఫీసరు రిపోర్టు రాశాడు. సంతకం పెట్టేముందు ఆ చోటు చూడమని ఉమాపతి బయల్దేరదీశాడు.

“ముందు ఆవండి.”

“ఆవు. నీకన్నా అదే నయం, లైన్లో నడస్తంది, బాబూ.”

“సైకిలు మీద ఎవరో బెంగాలీ దీదీ అండి.”

“దీదీ. బజారు సంచీ కూడా ఉంది, సూడు.”

సిరిల్ ఫోను మోగింది. అతని చూపు ఒళ్లోకి దిగింది.

“ముందర ఏటుంది?”

సిరిల్ గబుక్కున బ్రేకు తొక్కాడు. దీదీ బెంగాలీలో తిట్టుకుంటూ పక్కకు తప్పుకుంది.

“ఆ రోజు కూడా ఫోనేనా, బాబూ? ఎవలు సేసినారు?”

“సారే. రెండో రింగుకి ఎత్తకపోతే కేకలేస్తారు.”

“బండి నడుపుతున్నావని నాకేం తెలుసు?” అన్నాడు ఆఫీసరు.

“నడుపుతున్నానని సెప్పాలన్నా ఎత్తాలి కదండి.”

ఆఫీసరు ఒళ్లో రిపోర్టు తెరిచాడు. “సైకిలతను చూసుకోలేదు” అన్న వాక్యం కొట్టేసి, “డ్రైవరుకు ఫోను చేసింది నేను” అని రాసి సంతకం పెట్టాడు.

“ఈ ఫోను సంగతి జెఫ్రీ భార్యకు నేనే చెప్పాలి. ఇల్లెక్కడ?” అని అడిగాడు.

“ఖరిదా పేటలో, దగ్గిరే. నడిసే పోదాం సార్,” అన్నాడు ఉమాపతి. “ఆలిస్ ముందు నాలుగు తిడతాది. తర్వాత టీ ఇస్తాది.”