అక్క ఇచ్చిన భోజనం కూపన్లు

"నేను కూపన్లిచ్చిన ఆ హోటల్ మూసేశారే," అంది అక్క, చెల్లెలి వంటింట్లో కూర్చుంటూ.

"అయ్యో! వాటితో మొన్ననేగా నేనూ మా ఆయనా వెళ్ళి కడుపునిండా తినొచ్చాం," అంది చెల్లెలు తడుముకోకుండా.

నిజానికి ఆ హోటలున్న ఇరుకు సందులోకి వెళ్ళడం తన స్థాయికి తగదని ఆమె అటువైపు తొంగి కూడా చూడలేదు.

అక్క టీలోకి చెంచా కోసం సొరుగు లాగింది. పుట్టినరోజుకి తనిచ్చిన కవరు, అందులో కూపన్లు అలాగే ఉన్నాయి.

చెల్లెలి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అది కాదక్కా... తీరిక దొరక్క..."

"పోనీలేవే. రాలేదని నాకు ముందే తెలుసు."

"ఎలా?"

"అక్కడ వంట చేసింది నేనే. బట్టల షాపులో ఉద్యోగమని మీకు అబద్ధం చెప్పాను. ఎవరొచ్చినా నువ్వేమోనని వంటగది కిటికీలోంచి తొంగి చూసేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"అక్క వంటమనిషంటే మీ అత్తారింట్లో నీకు నామోషీ కదా. నువ్వు తిని, బాగుందన్నాక చెబుదామనుకున్నా."