బిళ్లల బంట్రోతు

డెబ్బై నాలుగు వేసవి. జగ్గయ్యపేటలో దుర్గాంబ తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక ముసలాయన నిటారుగా నిలబడి ఉన్నాడు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. గుండె మీద రంగు పీలికలకు వేలాడుతూ వరసగా బిళ్లలు.

కోర్టు బంట్రోతుకి ఉండేది ఒక్క బిళ్లే. ఇతగాడికి ఇన్నున్నాయంటే బావగారు పొలం తగాదాని ఏ పెద్దకోర్టుకో ఎక్కించి ఉంటారు, అనుకుంది దుర్గాంబ.

"నందిగామ కోర్టు నుంచేనా?"

"కాదమ్మా. మీ బుల్లిబాబు..."

"నోటీసు వాడి పేరున ఉంటే వాడే తీసుకుంటాడు. ఓడ మీద ఉద్యోగం మా అబ్బాయికి. తుపానులో తప్పిపోయాడని టెలిగ్రాం ఇచ్చారు. పోయాడనలేదుగా! వాడొచ్చాక రండి."

ముసలాయన చేతులు జోడించాడు. వెనక్కి తిరిగాడు. మెట్లు దిగాడు.

ఆ వారంలోనే ఎదురింటి మేడగదిలో అద్దెకి దిగాడు. పేరు ప్రేమానందమట.

రోజూ ఆమె కళ్లాపి చల్లే వేళకి మేడ మీద నిలబడేవాడు. కుడిచెయ్యి పక్కకి, కాస్త కిందకి చాచి ఉంచేవాడు. ఎడమచెయ్యి బారజాపి దించేవాడు. మళ్లీ బారజాపి దించేవాడు.

"నిన్నే రా, రా అంటున్నాడు వదినా," అంది పక్కింటి రాఘవమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మొగుడు పోయిన ఆడది. ఊరి నోళ్లకి ఆ మాత్రం చాలు.

దుర్గాంబకి కోపం రాలేదు. టెలిగ్రాం వచ్చిన నాటి నుంచి ఆమెకి ఏదీ రావడం లేదు. పరువు కోసం తమ్ముడికి కబురంపింది.

వీరరాఘవయ్య అగ్గిమీద గుగ్గిలమై వచ్చాడు.

"ఈ వయసులో ఇదేం బుద్ధయ్యా? పెట్టే బేడా సర్దుకుని కదులు!"

ప్రేమానందం దుర్గాంబ వైపు ఒకసారి చూశాడు.

"తప్పయిందండి," అన్నాడు. బస్సెక్కి వెళ్లిపోయాడు.

సంక్రాంతి దాటాక ఒక యువకుడు వచ్చి, ఎదురిల్లు తాళం వేసి ఉంటే, దుర్గాంబ అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగాడు.

"నా పేరు ఇశ్రాయేలండి. ప్రేమానందం గారి మేనల్లుణ్ణి. మామయ్య పోయారు. ఇక్కడ ఆయన సామాను ఏదైనా ఉండిపోయిందేమోనని వచ్చా."

"అయ్యో. కోర్టు బంట్రోతు కదూ?"

"బంట్రోతా! నేవీలో సిగ్నల్‌మాన్ అండి. ముప్పయ్యేళ్లు చేశాడు. చొక్కా మీది ఆ బిళ్లలు మెడల్సు. నేనూ ఇప్పుడు అదే పని చేస్తున్నా. ఓడ మీంచి ఓడకి చేతుల్తో కబురు చెప్తాం."

నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"అందిన కబురల్లా అందించాడండి, ఒక్కటి తప్ప. తుపానులో మునిగిపోతున్న ఓడ మీంచి, తన దగ్గర పని నేర్చిన కుర్రాడే, పక్క ఓడ మీదున్న మామయ్యకి పంపాడంట, వాళ్లమ్మకి చెప్పమని. ఆ తల్లి ఇంకా ఎదురు చూస్తోందని, చెప్పడానికి నోరు రాలేదంట."

దుర్గాంబ లేచింది. వాకిట్లోకి దిగింది. కుడిచెయ్యి చాచింది. ఎడమచెయ్యి బారజాపి దించింది. మళ్లీ బారజాపి దించింది.

"ఇట్లా ఊపేవాడు బాబూ. నన్ను రమ్మని."

ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు.

"అది పిలవడం కాదండి. ఇంగ్లీషు అక్షరాలు. ఎ... ఎమ్... ఎమ్... ఎ."

దుర్గాంబకి ఇంగ్లీషు రాదు. కుడిచెయ్యి ఇంకా చాచే ఉంది.

"అన్నీ కలిపితే ఏంటి బాబూ?"

"అమ్మ," అన్నాడు ఇశ్రాయేలు.