తెల్ల దారం

మిట్టమధ్యాహ్నం టమాటా మొక్కలు మళ్ళీ తల వాల్చేశాయి.

వదిన వంగి ఒక ఆకు పట్టి చూసింది.

"చల్లబడగానే లేస్తాయిలే వదినా," అంది మరదలు. "నిన్నా ఇంతేగా. పని చెప్పగానే నీరసపడే మనుషుల్లా నటిస్తున్నాయి."

వదినకి నవ్వు రాలేదు. వాగవతల ప్లాస్టిక్ పందిరి వేసిన పాలీహౌస్ తోటకి, మొక్కల్ని నిలువునా వాడ్చేసే వడలు తెగులు తగిలిందని విన్నది. అక్కడ పొగ లేవడం కళ్ళారా చూసింది. ఇక్కడ కాపు చివరికొచ్చింది, పై గుత్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇవి కూడా పోతే మరదలు పట్నంలో పని వెతుక్కుంటుంది. మంచం కింద పెట్టె అప్పుడే దులిపి పెట్టుకుంది. భర్త పోయాక వదినకి మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

"అదుగో, మళ్ళీ వచ్చాడు!" వదిన కంచె వైపు చూపించింది.

కంచె బయట కంకర దారి మీద ఒక ముసలాయన. చేతులు వెనక్కి కట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో.

"గడ్డిబొమ్మకి కాళ్ళొచ్చినట్టున్నాడు," అంటూ మరదలు గాజు గ్లాసులో మంచినీళ్ళు పట్టుకెళ్ళింది. వదిన వెనకాలే వెళ్ళింది.

"తాగండి బాబాయిగారూ."

ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. "వద్దమ్మా. అక్కడే ఉండు."

"ఏం కావాలండీ మీకు?" అంది వదిన.

"మీ మొక్కలు మధ్యాహ్నం వాలి, సాయంత్రం లేస్తున్నాయా?"

ఈ సంగతి వాళ్ళిద్దరూ బయట ఎవరికీ చెప్పలేదు.

"లోపలికొచ్చి చూసి చెప్పండి," అంది మరదలు.

"నేను రాకూడదు."

"మా గడప తొక్కితే అరిగిపోతారా?" అంది వదిన.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "నీళ్ళు ఎంత పెడుతున్నారు?"

"ఎండాకాలంలో ఎంతో అంతే," అంది మరదలు. "వాలుతున్నాయని ఇంకాస్త ఎక్కువే."

"ఎండలు తగ్గాయి కదమ్మా. వేళ్ళు మురిగినా తల వాలుతుంది. అదే అయితే మీ అదృష్టం. ఒక కాడ మొదట్లో కోసి, కోసిన కొస ఆ గ్లాసులో ముంచి, కదలకుండా పట్టుకోండి. కోసిన చోటు నుంచి జిగురు తెల్లటి దారంలా కిందికి దిగితే మాత్రం ఆ తెగులే."

"దిగితే?"

ఆయన వాగు వైపు చూశాడు. "ఒక్క మొక్క కూడా ఉంచకండి."

"నోటి వెంట మంచి మాట రాదా మీకు?" వదిన అరిచింది. "మా చేతి మంచినీళ్ళు ముట్టని మనిషికి మా మొక్కల గొడవెందుకు? వెళ్ళండి!"

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మరదలు కాడ కోసి ముంచింది. వదిన గ్లాసు పట్టుకుంది. నీళ్ళు వణుకుతున్నాయి.

"ఊపకు వదినా, దారం తెగుతుంది."

"ఆ మాట అనకే!"

ఇద్దరూ గ్లాసు మీదికి వంగారు. గ్లాసులో మెరిసిన ప్రతి వెలుగు గీతా వదినకి తెల్ల దారంలాగే కనిపించింది. దాని వెనకే పెట్టె పట్టుకుని నడిచిపోతున్న మరదలు.

నీళ్ళు తేటగానే ఉన్నాయి.

ఇంకాసేపు చూశారు. తేటగానే ఉన్నాయి.

మరదలు ఒక మొక్క మొదలు తవ్వింది. అంతా బురద. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి ఉన్నాయి.

"తెగులు కాదు వదినా! మనమే నీళ్ళలో ముంచి చంపుతున్నాం!" ఏడుస్తూ నవ్వుతూ కుళాయి కట్టేసింది.

వదినకి ప్రాణం లేచొచ్చింది. గ్లాసు కింద పెట్టడం కూడా మరిచి దారి మీదికి పరుగెత్తింది. ఎవరూ లేరు.

కాయల పెట్టెలు తీసుకెళ్ళే ఆటో అబ్బాయి ఎదురొచ్చాడు.

"చెప్పుల్లేని పెద్దాయన కనిపించాడా బాబూ?"

"వాగవతల పాలీహౌస్ ఆయనేగా? ఇప్పుడే బస్సెక్కాడు పిన్నీ. ఇక ఇటు రాడట."

వదిన చేతిలోని గ్లాసు వైపు చూసుకుంది. "మరి ఆయన చెప్పులేవి?"

"ఆ తెగులు మట్టి తొక్కిన చెప్పులు ఇంకొకరి తోట వైపు రాకూడదని, మొక్కలతో పాటే మంటలో వేసేశాడు."